మోటరు తిరిగితే నీళ్లొచ్చినట్టేనా?

2022 ఆగస్టు నెలాఖరు. రాత్రి తొమ్మిదిన్నర దాటింది. అమ్మ ఫోన్ చేసింది. మామూలుగా ఆ టైములో చెయ్యదు, అది ఆమె సీరియళ్ల టైము.

"అబ్బీ, టీవీ చూస్తివా? మీ హైదరాబాదు పక్కనే నలుగురు ఆడోళ్లు చచ్చిపోయినారంట. పిల్లల ఆపరేషన్‌కు పోయినోళ్లు. బొడ్డు కాడ బెజ్జం పెట్టి చేసేదంట. నువ్వు చేసేది ఆ సామాన్లే కదా?"

"ఆ మాదిరి సామాన్లే. కానీ అవి మావి కాదు మా."

"మీవి కాదని నీకెట్ల తెలుసు?"

"మావి ఇంకా మార్కెట్లోకే రాలేదు."

అమ్మ ఒక్క క్షణం ఆగింది. "వచ్చినాక?" అంది.

నేను ఏదో సర్దిచెప్పి ఫోన్ పెట్టేశాను. కానీ ఆ ఒక్క మాట ఆ రాత్రి నన్ను నిద్రపోనివ్వలేదు.

అమ్మ చెప్పింది ఇబ్రహీంపట్నం సంగతి. ఆగస్టు 25న అక్కడి ప్రభుత్వ ఆసుపత్రిలో ఒకే రోజు 34 మంది మహిళలకు డీపీఎల్ పద్ధతిలో కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. కడుపుకు రెండు చిన్న రంధ్రాలు పెట్టి, ఒక దాంట్లోంచి చూసే గొట్టం, ఇంకో దాంట్లోంచి పని చేసే పరికరం పంపుతారు. కుట్లు తక్కువ, అదే రోజు ఇంటికి పోవచ్చు. కానీ రోజుల వ్యవధిలోనే అందులో నలుగురు చనిపోయారు. మిగతా వాళ్లను హడావిడిగా హైదరాబాదు పెద్దాసుపత్రులకు తరలించారు. ఇన్‌ఫెక్షనే కారణమని విచారణలో తేలింది. నేనుండే గదికి అది గంట, గంటన్నర దూరం.

నేను సాఫ్ట్‌వేర్ ఇంజనీరుని. మా ఊరు కడప జిల్లా వేముల మండలం తుమ్మలపల్లె. ఊరి పేరు చెబితే చాలామందికి యురేనియం గని గుర్తొస్తుంది. గని వచ్చినప్పటి నుంచి శాంపిలు, రిపోర్టు, క్లియరెన్సు అనే మాటలు మా వైపు చదువు రానివాళ్లకు కూడా తెలుసు. ఆ కథ వేరు, ఇక్కడ చెప్పను. కానీ కాగితం మీద ఉండేదానికీ కళ్ల ముందు ఉండేదానికీ తేడా ఉంటుందా అన్న అనుమానం మా వాళ్లకు పుట్టుకతోనే వస్తుంది. అమ్మ అడిగిన ప్రశ్న కూడా ఆ అనుమానంలోంచి వచ్చిందే.

ఇంజనీరింగ్ అయ్యాక నా స్నేహితులందరూ బ్యాంకులకు, అమెరికా షాపింగ్ కంపెనీలకు కోడ్ రాసే ఉద్యోగాల్లోకి పోయారు. నేను హైదరాబాదులో ఒక చిన్న కంపెనీలో చేరాను. లాపరోస్కోపిక్ ఆపరేషన్లకు వాడే చేతి పరికరాలు తయారు చేస్తారు. అక్కడ సాఫ్ట్‌వేర్ ఇంజనీరుకు ఏం పని అని నేనే మొదట అనుకున్నాను. పరికరంలో చిప్పు లేదు, స్క్రీను లేదు. పెన్సిలు కంటే సన్నగా, అయిదు మిల్లీమీటర్ల మందంలో, అడుగు పైచిలుకు పొడవున ఒక కడ్డీ. ఒక కొసన వేళ్లు పట్టే పిడి, రెండో కొసన చిన్న కత్తెరో పటకారో. కడ్డీ చుట్టూ నల్లటి ప్లాస్టిక్ తొడుగు. అంతే.

చేరిన నెల తర్వాత తెలిసింది, ఆ కడ్డీ తయారు చెయ్యడం కంటే అది మంచిదని నిరూపించడమే పెద్ద పని అని. నా ఉద్యోగం ఆ నిరూపణ దగ్గర. పరీక్షలు జరిగేటప్పుడు ఉష్ణోగ్రత ఎంత, ఒత్తిడి ఎంత, ఎంతసేపు, ఎన్నోసారి అన్నీ నమోదు చేసి రిపోర్టు తయారు చేసే ప్రోగ్రాం రాయడం.

ఒకసారి వాడి పారేసే పరికరమైతే గొడవ తక్కువ. మనలాంటి దేశంలో ప్రతి ఆపరేషన్‌కూ కొత్త సెట్ కొనే స్తోమత ఎన్ని ఆసుపత్రులకు ఉంటుంది? అందుకే మళ్లీ మళ్లీ వాడే పరికరాలు కావాలి. మళ్లీ వాడాలంటే కడగాలి, ఆవిరిలో పెట్టి క్రిములను చంపాలి, ఆ వేడికి పరికరం పాడు కాలేదని చూసుకోవాలి. ఈ మూడింటిలో ఏది తప్పినా నష్టపోయేది బల్ల మీద పడుకున్న మనిషే.

కడగడం అంటే తేలికనుకుంటాం. సన్నటి గొట్టం లోపల, కత్తెర కీలు సందులో ఎండిపోయిన రక్తం ఎట్లా పోతుంది? అందుకే పరీక్షలో కావాలని రక్తం లాంటి మురికి పూసి, ఎండనిస్తారు. ఆ తర్వాత మనం ఆసుపత్రికి ఇవ్వబోయే సూచనల కాగితంలో ఎట్లా రాశామో అచ్చం అట్లాగే కడుగుతారు. ఒక్క నిమిషం ఎక్కువ కడగకూడదు. కడిగాక ఎంత ప్రోటీను మిగిలిందో కొలుస్తారు. మురికి మిగిలితే ఆ కింద దాక్కున్న క్రిములకు ఆవిరి తగలదు. ముందు శుభ్రం కావాలి, ఆ తర్వాతే స్టెరిలైజేషన్.

స్టెరిలైజేషన్ పరీక్ష ఇంకా చిత్రం. వేడికి తొందరగా చావని ఒక రకం బ్యాక్టీరియా ఉంది. దాని బీజాలను పది లక్షలు తీసుకుని, ఆవిరి అన్నిటికంటే కష్టంగా చేరే చోట పెడతారు. ఆసుపత్రిలో 134 డిగ్రీల దగ్గర ఎంతసేపు ఉంచమంటామో, అందులో సగం సేపే ఉంచి చూస్తారు. సగం సేపట్లోనే అన్నీ చావాలి. అప్పుడే పూర్తి సమయం మీద భరోసా.

మూడోది కరెంటు. రక్తం కారకుండా మాడ్చడానికి ఈ కడ్డీ గుండా హై ఫ్రీక్వెన్సీ కరెంటు పంపుతారు. నల్ల తొడుగు ఉండేది అందుకే. కెమెరా చూపించేది కడ్డీ కొసను మాత్రమే. మధ్యలో ఎక్కడో తొడుగుకు వెంట్రుకంత పగులు ఉంటే, అక్కడి నుంచి కరెంటు బయటికొచ్చి పక్కనున్న పేగును కాల్చగలదు. డాక్టరుకు కనపడదు, పేషెంటుకు అప్పుడే తెలియదు. రెండు మూడు రోజుల తర్వాత కడుపు నొప్పి, జ్వరం. పెద్ద చిరుగైతే కంటికి కనపడుతుంది, పక్కన పెట్టేస్తారు. చిన్న పగులే ఎక్కువ ప్రమాదం. కనపడదు, పైగా కరెంటంతా ఆ ఒక్క చుక్క దగ్గరే పోగవుతుంది. అందుకే వేల వోల్టులు పెట్టి తొడుగును పరీక్షిస్తారు. కొత్తగా ఉన్నప్పుడు కాదు, ఎన్నిసార్లు వాడొచ్చని చెబుతామో అన్నిసార్లు కడిగి, ఉడికించి, ఆ తర్వాత.

ఇవన్నీ కాగితాల కట్టగా మారి ప్రభుత్వానికి చేరాలి. మన దేశంలో 2017 వైద్య పరికరాల నిబంధనలు 2018 జనవరి 1 నుంచి అమల్లోకొచ్చాయి. ప్రమాదాన్ని బట్టి ఏ, బీ, సీ, డీ అని నాలుగు తరగతులు. అంతకు ముందు కొన్ని రకాల పరికరాల మీదే చట్టం చూపు ఉండేది. 2020 ఏప్రిల్ నుంచి వైద్య పరికరాలన్నింటినీ చట్టం కిందికి తెచ్చారు. ఏ, బీ తరగతులకు 2022 అక్టోబరు 1 నుంచి, సీ, డీ తరగతులకు 2023 అక్టోబరు 1 నుంచి లైసెన్సు తప్పనిసరి అన్నారు. మాలాంటి చిన్న కంపెనీలన్నీ ఆ తేదీల వెనక పరుగెత్తుతున్న రోజులవి. ఇబ్రహీంపట్నం జరిగింది సరిగ్గా ఆ మధ్యలోనే.

మా పరికరం 200 సార్లు వాడొచ్చని కాగితంలో రాయాలన్నది మా కంపెనీ ఆశ. దానికి 200 సార్లు కడిగి, ఆటోక్లేవ్‌లో పెట్టి తీయాలి. ఒక్కోసారిని మేం 'సైకిల్' అంటాం. రోజుకు నాలుగైదు కంటే అవ్వవు. నెలల తరబడి షెడ్డులో ఆటోక్లేవ్ బుసకొడుతూ ఉండేది, నా ప్రోగ్రాం లెక్కపెడుతూ ఉండేది. 2022 డిసెంబరుకు లెక్క 200కు చేరింది. ఆరు నమూనాలు, ఆరూ పాస్. అందరం స్వీట్లు తిన్నాం. ఫైలు జనవరి చివర్లో పంపాలి.

సంక్రాంతికి ఇంటికి పోయాను.

మాకు రెండున్నర ఎకరాల చీనీ తోట. బోరు ఎనిమిది వందల అడుగులు. మా వైపు బోర్ల సంగతి తెలిసిందే, ఈ రోజు నీళ్లు పోసినది రేపు పోస్తుందన్న నమ్మకం లేదు. త్రీ ఫేజు కరెంటు ఎప్పుడొస్తే అప్పుడు మోటరు దానంతటదే ఆన్ అయ్యేటట్టు ఆటో స్టార్టర్ పెట్టించాం. నేనే డబ్బులు పంపి పెట్టించాను. ఎన్ని గంటలు తిరిగిందో చూపించే చిన్న మీటరు కూడా ఉంది. ఇంక నాయన పొద్దున్నే చలిలో తోటకు పోనక్కర్లేదని నా లెక్క.

కనుమ రోజు పొద్దున కరెంటొచ్చింది. స్టార్టర్ బాక్సులో పచ్చలైటు వెలిగింది. నాయన కండువా తలకు చుట్టుకుని బయల్దేరాడు.

"యాడికి నాయనా? మోటరు తిరుగుతాంది గదా. లైటు చూడు."

"తిరుగుతాంది. నీళ్లు వస్తాండాయో లేదో పైపు కాడికి పోయి చూడాల."

"మీటరు ఉంది గదా?"

"ఆ మీటరు మోటరు ఎంతసేపు తిరిగిందో చెప్తాది. నీళ్లు ఎన్నొచ్చినాయో చెప్తాదా? పోయిన నెల మూడు దినాలు ఉత్తగనే తిరిగింది. మీటరు మాత్రం గంటలు ఏసుకుంటానే ఉంది. ఇంకొక దినం చూడకుంటే మోటరు కాలిపోయేది."

ఇంకో మాట కూడా అన్నాడు. "మధ్యలో కరెంటు పోయి వస్తే మళ్లా మొదుల్నుంచి తిరుగుతాది. దానికేం తెలుసు?"

నేను ఆయన వెనకే నడుస్తున్నాను. చీనీ చెట్ల మధ్య సగం దూరం పోయేసరికి నా కాళ్లు ఆగిపోయాయి.

హైదరాబాదులో మా షెడ్డులో కూడా కరెంటు పోయేది. వానాకాలంలో ఎక్కువ. జనరేటర్ అందుకునే లోపు ఆటోక్లేవ్ ఆగిపోయేది. ఆపరేటర్ మళ్లీ స్టార్ట్ నొక్కేవాడు. నా ప్రోగ్రాం స్టార్ట్ సిగ్నల్ రాగానే లెక్కకు ఒకటి కలిపేది. పూర్తయ్యాక కాదు, మొదలవగానే. ఆ లైన్ రాసింది నేనే. ఏ రోజు రాశానో కూడా గుర్తుంది, అప్పుడు ఎందుకో అది పెద్ద విషయమనిపించలేదు.

నాయన పైపు మూతి దగ్గర చెయ్యి పెట్టి నీళ్లు చూసుకుంటున్నాడు. నేను ఇంటికి పరుగెత్తి ల్యాపుటాప్ తెరిచాను. ఉష్ణోగ్రత రికార్డులు విడిగా ఉన్నాయి. లెక్కనూ వాటినీ పక్కపక్కన పెట్టి చూడాలని అప్పటి వరకూ ఎవరికీ తోచలేదు. మధ్యాహ్నం దాకా కూర్చున్నాను. 200లో 23 పూర్తి కాలేదు. కొన్ని 134 డిగ్రీలకు చేరనే లేదు, కొన్ని చేరి నిలబడలేదు. అసలు లెక్క 177.

ఇక్కడ ఒక నిజం ఒప్పుకోవాలి. ఆ రోజు నేను ఎవరికీ ఫోన్ చెయ్యలేదు. మర్నాడు కూడా చెయ్యలేదు. ఆరు నమూనాలూ పాస్ అయ్యాయి కదా, 177కూ 200కూ ఏం పెద్ద తేడా అని నాకు నేనే చెప్పుకున్నాను. ఫైలు ఆలస్యమైతే కంపెనీకి నష్టం, ఉద్యోగాలు పోతాయేమో, నా మీదే పడుతుంది అని కూడా అనుకున్నాను. అది ఎవరూ పట్టుకోలేని తప్పు. ఫైలు చూసేవాళ్లకు కనపడేది 200 అనే అంకె, ఆరు పాస్‌లు. నేను నోరు మూసుకుంటే ఆ అంకె అట్లాగే ఆసుపత్రులకు పోతుంది.

రెండో రోజు సాయంత్రం చిన్నమ్మ వచ్చింది. అరిసెలు తెచ్చింది. ఆమె నడిచేటప్పుడు పొత్తికడుపు మీద చెయ్యి పెట్టుకుంటుంది, నాకు ఊహ తెలిసినప్పటి నుంచి అంతే. నాకు ఆరేళ్లప్పుడు ఆమెకు ఒక క్యాంపులో పిల్లల ఆపరేషన్ జరిగింది. పొద్దున జీపులో పోయి సాయంత్రం వచ్చింది. తర్వాత రెండు నెలలు ఆ గాయం చీము పట్టింది. వేడి చేసిందన్నారు, పథ్యం సరిగా లేదన్నారు, కూలికి తొందరగా పోయిందన్నారు. అందరూ ఆమె తప్పే వెతికారు. ఆ పరికరాన్ని ఎట్లా కడిగారు, ఆమె కంటే ముందు ఎంతమందికి వాడారు అని ఎవరూ అడగలేదు. అడగొచ్చని కూడా ఎవరికీ తెలియదు.

లాపరోస్కోప్‌కు లెక్క ఉందని నాకు ఈ ఉద్యోగంలో చేరాకే తెలిసింది. క్యాంపుల్లో ఒక బృందం దగ్గర మూడు లాపరోస్కోపులు ఉంటే రోజుకు 30 ఆపరేషన్లు దాటకూడదని కేంద్ర మార్గదర్శకాలు. అంటే ఒక్కో పరికరానికి పది. మధ్యలో దాన్ని శుభ్రం చెయ్యడానికి సమయం కావాలి కదా, ఆ లెక్క అందుకే. 2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ దగ్గర ఒకే క్యాంపులో కొన్ని గంటల్లో 83 మందికి చేశారు. ఆ రోజుల్లో అక్కడ పదిమందికి పైగా చనిపోయారు. 2016 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఈ క్యాంపులను మూడేళ్లలో ఆపెయ్యాలని చెప్పింది. అంకెలు రాసిపెట్టి ఉంటాయి. వాటిని ఒక మనిషి పట్టించుకుంటేనే అవి పని చేస్తాయి.

చిన్నమ్మ పోయాక మా క్వాలిటీ మేడమ్‌కు ఫోన్ చేశాను. అంతా చెప్పాను. ఆమె తిట్టలేదు. "రికార్డులు ఏవీ ముట్టుకోవద్దు. ఉన్నవి ఉన్నట్టు పంపు. మనం మళ్లీ మొదలు పెడతాం" అంది.

మేనేజర్ మాత్రం ఊరుకోలేదు. "పాత నమూనాలకే ఇంకో 23 సైకిళ్లు వేస్తే సరిపోదా?" అన్నాడు. సరిపోదు. చివరి పరీక్షలకు వాటిని కోసేశాం. కొత్త నమూనాలతో ఒకటి నుంచి మొదలుపెట్టాలి. "అందరూ పాస్ అయిన పరీక్షను మళ్లీ చెయ్యడం ఏంటి?" అని ఆయన బాధ. జీతాలిచ్చే బాధ ఆయనది, తప్పు పట్టను. మేడమ్ ఒకటే అంది. "సార్, మనం కాగితం మీద రాసేది 200. మన దగ్గర ఉన్నది 177. మిగతా 23 ఎవరి మీద చేద్దాం?"

గదిలో ఎవరూ మాట్లాడలేదు.

ఈసారి పన్నెండు నమూనాలు. లెక్క పెట్టే పద్ధతి మార్చాను. పూర్తి సమయం 134 డిగ్రీల దగ్గర నిలబడితేనే ఒకటి. మధ్యలో ఆగితే సున్నా. ప్రతి 25 సైకిళ్లకూ ఆపి తొడుగును పరీక్షించాం. 150 దగ్గర అన్నీ పాస్. 175 దగ్గర అన్నీ పాస్. 200 దగ్గర ఒకటి ఫెయిల్. కొసకు దగ్గర, లోహం ప్లాస్టిక్ కలిసే చోట, కంటికి ఆనని పగులు. టెస్టర్ మోగింది. భూతద్దం పెట్టి వెతికితే గానీ కనపడలేదు.

నేను ఆ పరికరాన్ని చేతిలో పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. దానికి ముందున్న 23 సైకిళ్లే నా పాత ప్రోగ్రాం ఉత్తగా లెక్కేసినవి. పాత ఫైలు పోయి ఉంటే, ఆ పగులు ఎక్కడో ఒక ఆపరేషన్ థియేటర్లో, ఒకరి కడుపులో వచ్చి ఉండేది. మేం కాగితం మీద 150 అని రాశాం. ఫైలు నాలుగు నెలలు ఆలస్యంగా పోయింది. కంపెనీ మూతపడలేదు.

ఈ పనిలో ఉన్నవాళ్లకు 2015లో అమెరికాలో జరిగింది బాగా గుర్తు. లాస్ ఏంజెలెస్‌లో ఒక పెద్ద ఆసుపత్రిలో, గొంతులోంచి పంపే ఒక రకం ఎండోస్కోపుల ద్వారా మందులకు లొంగని బ్యాక్టీరియా ఏడుగురికి సోకింది. ఇద్దరి చావుకు అది కారణాల్లో ఒకటైంది.  సరిగా శుభ్రం చెయ్యడానికి ఆ పరికరం డిజైనే అడ్డురావచ్చని వాళ్ల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ చెప్పింది. ఆ ఏడాది మార్చిలోనే, మళ్లీ వాడే పరికరాలను కడిగే పద్ధతిని కంపెనీలు ఎట్లా నిరూపించాలో కొత్త మార్గదర్శకాలు ఇచ్చింది. అంత పెద్ద దేశంలోనూ అంతే. పచ్చలైటు వెలిగింది, పైపు దగ్గరికి పోయి చూసినవాళ్లు లేరు.

2024 ఎండాకాలంలో అమ్మకు కడుపునొప్పి వచ్చింది. స్కానింగ్‌లో పిత్తాశయంలో రాళ్లు. కడపలో ఒక ఆసుపత్రిలో లాపరోస్కోపీతో తీసేస్తామన్నారు. నేను హైదరాబాదు నుంచి వచ్చాను. ఈ పని తెలిసినవాడికి ఆసుపత్రి అంటే ఎక్కువ భయం. డాక్టరుగారిని ఎట్లా అడగాలి, ఏమనుకుంటారో అని నేను మథనపడుతుంటే అమ్మే అడిగేసింది.

"సార్, సామాన్లు బాగా ఉడకబెట్టినారా?"

ఆయన నవ్వాడు. "ఉడకబెట్టినాంలేమ్మా. మీ అబ్బాయికి అనుమానమైతే సిస్టర్ చూపిస్తుంది."

థియేటర్ సిస్టర్‌కు యాభై ఏళ్లుంటాయి. నన్ను విసుక్కోలేదు. ఒక లావాటి నోటుబుక్ తెచ్చి చూపించింది. ప్రతి రోజూ ఆటోక్లేవ్‌లో పెట్టిన కట్టల వివరాలు, పక్కనే రంగు మారిన స్ట్రిప్పులు అంటించి ఉన్నాయి.

"బయట అంటించే టేపు నల్లబడితే చాలనుకుంటారు సార్ కొత్త పిల్లలు. అది కట్ట వేడిలోకి పోయిందని చెప్తాది, అంతే. లోపల పెట్టిన స్ట్రిప్ చూడాల. వారానికొకసారి బీజాల పరీక్ష పెట్టాల."

నాకు నాయన గుర్తొచ్చాడు.

"ఒక్కో పరికరం ఎన్నిసార్లు వాడినారో రాస్తారా సిస్టర్?"

ఆమె నోటుబుక్ మూసింది. "దానికి కాలమ్ లేదు సార్. అన్నీ ఒకే మాదిరి ఉంటాయి, ఏది ఏదో ఎట్లా తెలుస్తాది? పాడయ్యేదాకా వాడతాం. పొద్దున్నే ఒక్కోదాన్ని వెలుతురులో తిప్పి చూస్తా. గీత కనపడితే పక్కన పడేస్తా."

మేం నెలల తరబడి కొట్లాడుకుని తేల్చిన 150 అనే అంకె పెట్టెలోని సన్నక్షరాల కాగితంలో ఉంటుంది. ఆ కాగితం స్టోర్ రూములోనే ఆగిపోతుంది. థియేటర్ దాకా వచ్చేది పరికరం ఒక్కటే. తప్పు సిస్టర్‌ది కాదు. ఆమె చెయ్యగలిగింది చేస్తోంది. ఆమెకు లెక్క పెట్టుకునే వీలు ఇవ్వనిది మేమే.

హైదరాబాదు పోయాక మా మీటింగులో ఒక సలహా ఇచ్చాను. ప్రతి పరికరం పిడి మీద చెరిగిపోని నంబరు చెక్కాలి. పెట్టెలో ఆ నంబరు వేసిన ఒక అట్ట పెట్టాలి. అట్ట మీద 150 గళ్లు. వాడినప్పుడల్లా ఒక గడి కొట్టెయ్యాలి. "సాఫ్ట్‌వేర్ ఇంజనీరువి, యాప్ చేస్తావనుకుంటే అట్ట ముక్క అంటావేంటి?" అని నవ్వారు. యాప్ వద్దన్నాను. కరెంటు పోయినా అట్ట ఉంటుంది. ఇప్పుడు ఆ అట్ట పెట్టెలో పోతోంది. కొన్ని ఆసుపత్రుల్లో నింపుతున్నారు, కొన్నింటిలో ముట్టుకోవడం లేదు. నింపిన అట్ట ఒకటి తిరిగొచ్చింది. 150వ గడి కొట్టేసి, కింద పెన్నుతో 'పక్కన పెట్టినాము' అని రాశారు. దాన్ని నా టేబుల్ దగ్గర గోడకు అంటించుకున్నాను.

మీ ఇంట్లో ఎవరికైనా ఈ ఆపరేషన్ జరగాల్సి వస్తే, భయపడమని ఇదంతా చెప్పడం లేదు. పెద్ద కోతతో పోలిస్తే ఇది ఎంతో మేలు. మా అమ్మ మూడో రోజు ఇంటికొచ్చింది. కానీ అడగండి. పరికరాలు ఎట్లా శుభ్రం చేస్తారు, రికార్డు ఉందా అని మర్యాదగా అడగండి. పని సరిగా చేసేవాళ్లకు ఆ ప్రశ్న కోపం తెప్పించదు, నోటుబుక్ తెచ్చి చూపిస్తారు. ఇంటికొచ్చాక రెండు మూడు రోజుల్లో జ్వరమో, తగ్గాల్సిన కడుపునొప్పి పెరగడమో ఉంటే వేడి చేసిందని ఊరుకోకుండా వెంటనే వెనక్కి పోండి.

అమ్మను ఇంటికి తెచ్చిన రోజు సాయంత్రం చిన్నమ్మ వచ్చింది. మంచం పక్కన కూర్చుంది.

"ఎన్ని బెజ్జాలు పెట్టినారక్కా?"

"నాలుగు."

"నాకు రెండే" అని నవ్వింది. చెయ్యి పొత్తికడుపు మీదికి పోయింది. కాసేపాగి అడిగింది, "సామాన్లు ఉడకబెట్టినారా అని డాక్టర్నే అడిగితివంటనే? ఏమనలేదా?"

"ఏమంటాడు? మన కడుపే గదా" అంది అమ్మ.

చిన్నమ్మ ఇంకేం మాట్లాడలేదు. అంతలో కరెంటొచ్చింది. స్టార్టర్ బాక్సులో పచ్చలైటు వెలిగింది. నాయన లేవబోతుంటే ఆపి, ఈసారి నేనే పైపు కాడికి పోయాను.